చెరువు కట్ట పక్కన లైబ్రరీ మోడల్: ఏ మెటీరియల్ దేనికి వాడాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు బతుకమ్మ సెలవులకు హనుమకొండలోని ఇంటికి వచ్చాడు. చెరువు కట్ట పక్కన ఒక ఊరికి గ్రంథాలయం డిజైన్ చేశాడు. స్థలం 40 మీటర్లకు 50 మీటర్లు, అందులో మూడు మీటర్ల వాలు. వరండా మెట్లు మెట్లుగా చెరువు వైపు దిగుతుంది, పైన గూన పెంకుల కప్పు. 1:100 స్కేల్లో, అంటే నిజం కొలతలో ఒక మీటరు మోడల్‌లో ఒక సెంటీమీటరు అయ్యేలా, మోడల్ చేసి, సెలవులయ్యాక కాజీపేటలో రైలెక్కించి తీసుకెళ్లాలి. పది రోజుల టైముంది, చేతిలో 2,500 రూపాయలున్నాయి. సీనియర్ ఫోమ్ బోర్డ్ కొనమంటున్నాడు, స్నేహితుడు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) లేజర్ కటింగ్ చేయించమంటున్నాడు, షాపాయన సన్‌బోర్డ్ తీసుకోమంటున్నాడు. "ఏది బెస్ట్ అన్నా? తప్పు కొంటే మళ్లీ కొనడానికి డబ్బుల్లేవు, టెన్షన్‌గా ఉంది" అని అడిగాడు.

తమ్మీ, ముందు ఆ డబ్బు జేబులోనే ఉంచు. ఇవాళ ఏమీ కొనొద్దు.

నేను హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా మోడళ్లు చేస్తున్నాను. అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు, బడులు, గుళ్లు చాలా చేశాను. నీ వయసు పిల్లలు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఇదే, ఏ బోర్డు మంచిది అని. నేను మాత్రం ముందు డిజైన్ చూపించమంటాను. ఈ మోడల్ చూసినవాళ్లకి మొట్టమొదట ఏం కనబడాలి? నీది చదివాక నాకు అర్థమైంది మూడు సంగతులు. నేల దిగుతోంది, నేలతో పాటు వరండా దిగుతోంది, వాటి మీద ఒకే పెద్ద కప్పు నిలబడి ఉంది. పిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని చెరువు చూస్తూ చదువుకుంటారని రాశావు. అది చాలా మంచి ఆలోచన. నీ డబ్బులో, టైములో ఎక్కువ భాగం ఆ మూడింటికే పోవాలి. లోపలి గదులు, బాత్రూమ్ గోడలు, పార్కింగ్‌లో కార్లు, వీటి మీద ఒక్క రాత్రి నిద్ర కూడా పాడుచేసుకోకు.

అందుకే ఈ సాయంత్రం కిరాణా కొట్టుకెళ్లి రెండు ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చుకో. 1:200లో, జిగురు లేకుండా, గుండుసూదులతో గుచ్చి ఒక చిత్తు మోడల్ చేయి. రెండు మూడు గంటల పని. అది చేస్తున్నప్పుడే కప్పు ఎక్కడ వరండాకు తగులుతోందో, ఏ మెట్టు దగ్గర తల కొట్టుకుంటుందో తెలుస్తుంది. కాగితం మీద దొరకని తప్పు అక్కడ దొరుకుతుంది. అట్టపెట్టెలో దొరికిన తప్పుకి ఖర్చేమీ లేదు. అదే తప్పు అతికించిన మౌంట్ బోర్డులో (గట్టి కాగితపు అట్ట) బయటపడితే సగం సెలవులు పోతాయి. ఈ చిత్తు మోడల్‌ను పారేయకు, జ్యూరీకి, అంటే కాలేజీలో నీ పని చూసి మార్కులేసేవాళ్ల ముందుకు కూడా పట్టుకెళ్లు. ఆలోచన ఎలా నడిచిందో అది చెబుతుంది.

ఇక మెటీరియల్. దీనికి మొదటి లెక్క మందం. మన దగ్గర బయటి గోడ తొమ్మిది అంగుళాలు, అంటే 230 మిల్లీమీటర్లు. 1:100లో అది 2.3 మి.మీ. అవుతుంది. లోపలి నాలుగున్నర అంగుళాల గోడ 1.15 మి.మీ. స్లాబు అయిదారు అంగుళాలు అనుకుంటే 1.25 నుంచి 1.5 మి.మీ. మధ్య ఉంటుంది. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసుకుని, స్కేలు పట్టుకుని షాపుకు వెళ్లు. 5 మి.మీ. ఫోమ్ బోర్డుతో గోడలు కడితే నీ లైబ్రరీ గోడలు అర మీటరు మందం అవుతాయి, ఓరుగల్లు కోట గోడలా కనబడతాయి. 3 మి.మీ.తో కట్టినా అడుగు మందం. ఇంత చిన్న తేడా ఎవరికి కనబడుతుందిలే అనుకోకు. కిటికీ అంచు దగ్గర, వరండా చివర్న కన్ను వెంటనే పట్టేస్తుంది. ఎందుకు బరువుగా ఉందో చెప్పలేరు గానీ, బరువుగా ఉందని మాత్రం అంటారు.

అంటే గోడలకు నీకు కావలసింది 2 మి.మీ. దగ్గర్లో ఉన్న మౌంట్ బోర్డు. 1.5 మి.మీ. దొరికితే దాంతో స్లాబులు, లోపలి గోడలు చేసుకోవచ్చు. మెట్లకు కూడా అదే సరిపోతుంది. మెట్టు ఎత్తు 150 మి.మీ. అయితే మోడల్‌లో 1.5 మి.మీ. బోర్డు పట్టీ ఒకటి ఒక మెట్టు అన్నమాట. మెట్టు వెడల్పు 300 అయితే, ఒక్కో పట్టీని కింది దానికంటే 3 మి.మీ. వెనక్కి జరిపి అంటిస్తూ పోవడమే. మెట్లు గీతల్లా నీట్‌గా వస్తాయి. నీ డిజైన్‌కు ప్రాణం ఆ మెట్లే కనుక, మంచి బోర్డు ముందు వాటికి కేటాయించు, మిగిలినది గోడలకు వాడు.

నీకు చెప్పిన ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. ఎక్కడ నిజమో విడగొట్టి చెబుతాను.

సన్‌బోర్డ్ అని షాపుల్లో రెండు వేరు వేరు వస్తువుల్ని అంటున్నారు, అది ముందు తెలుసుకో. అంచును గోటితో నొక్కి చూడు. పైన కింద కాగితం, మధ్యలో మెత్తటి థర్మాకోల్ లాంటిది ఉంటే అది ఫోమ్ బోర్డు. కాగితం లేకుండా మొత్తం ఒకే తెల్లటి ప్లాస్టిక్‌గా ఉంటే అది పీవీసీ సన్‌బోర్డు. సన్‌బోర్డు మంచిదే. తేమకు ఉబ్బదు, ఫెవిక్విక్‌తో క్షణాల్లో అతుక్కుంటుంది, సాండ్‌పేపర్ పడితే అంచు నున్నగా వస్తుంది. వానాకాలంలో నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. కానీ ఎండకి మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో ఉంచితే పొడుగాటి సన్‌బోర్డు కప్పు మధ్యలో కుంగుతుంది. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం: పీవీసీని లేజర్ మిషన్‌లో ఎప్పుడూ కోయించకు. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు విషవాయువు వస్తుంది. అక్కడ నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం, మిషన్ లోపలి ఇనుప భాగాలు కూడా తుప్పు పడతాయి. ఏం కాదు కోసేస్తా అని ఎవరైనా అన్నా వద్దని చెప్పు.

ఎండీఎఫ్ లేజర్ కటింగ్ అందంగా ఉంటుంది, నిజమే. ఒకే కిటికీ నలభై సార్లు వచ్చే హాస్టల్ భవనానికో, జాలీ గోడలకో నేనూ అదే చేయిస్తాను. నీ భవనంలో అలా తిరిగి తిరిగి వచ్చేది ఏముంది? పైగా మామూలుగా దొరికేది 2.5, 3 మి.మీ. షీట్లు, అంచులు గోధుమ రంగులో కాలి ఉంటాయి. కాలిన అంచు ప్రతి కిటికీకీ నల్లటి చట్రం గీసినట్టు కనబడుతుంది, నువ్వు గీయని గీత అది. దాన్ని సాండ్‌పేపర్‌తో తీస్తూ కూర్చుంటే చేత్తో కోసినంత టైము పడుతుంది. రెండో సంవత్సరంలో చేతికి కోత రావడం నీకు చాలా అవసరం. కాబట్టి నా మాట విని ఈసారి లేజర్ జోలికి వెళ్లకు.

మీ సీనియర్ చెప్పిన ఫోమ్ బోర్డు గోడలకు పనికిరాదు గానీ నేలకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. నీ సర్వే డ్రాయింగ్‌లో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అర మీటరుకు ఒకటి ఉంటే, 1:100లో ఒక్కో పొర 5 మి.మీ. ఉండాలి. మూడు మీటర్ల వాలుకు ఆరు పొరలు. అయిదు పొరల అట్టపెట్టె, అంటే టీవీలు, ఫ్రిజ్‌లు వచ్చే పెట్టె, దాదాపు అంతే మందం ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది, మట్టి రంగు సహజంగానే ఉంటుంది. నాకు దాని అంచుల్లో కనిపించే అలల గీతలు కూడా ఇష్టం. అయితే స్కేలు పెట్టి చూసుకోవాలి. అట్ట 6 మి.మీ. వచ్చిందనుకో, ఆరు పొరలకు 36 అవుతుంది. ఉండాల్సింది 30. ఆ 6 మి.మీ. తేడా నిజం కొలతలో 60 సెంటీమీటర్లు, అంటే నీ వరండాలో నాలుగు మెట్ల తేడా వస్తుంది. మెట్లే కథగా ఉన్న డిజైన్‌లో అది చిన్న తప్పు కాదు. పది ముక్కలు పేర్చి, నొక్కి, మొత్తం కొలిచి పదితో భాగించు. 5 వస్తే అట్టపెట్టె వాడు, లేదంటే ఫోమ్ బోర్డు కొను.

పొరలకు మొత్తం ఆరు షీట్లు అవసరం లేదు, రెండు చాలు. ప్లాన్‌ను రెండు ప్రింట్లు తీసి రెండు షీట్ల మీద పెట్టుకో. మొదటి షీట్‌ను 1, 3, 5 గీతల వెంట కొయ్యి. రెండో దాన్ని 2, 4, 6 గీతల వెంట కొయ్యి. ఇప్పుడు ఒక షీట్ నుంచి ఒక ముక్క, ఇంకో షీట్ నుంచి ఒక ముక్క తీసుకుంటూ పైకి పేర్చు. ప్రతి ముక్కా కింది ముక్క మీద ఒక కాంటూర్ వెడల్పు మేర ఆనుకుంటుంది. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి భవనం కూర్చునే చోట, మెట్ల కింద చిన్న చిన్న ముక్కలు దిమ్మెల్లా నిలబెట్టు. మెటీరియల్ మిగులుతుంది, బరువు కూడా తగ్గుతుంది. రైల్లో ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

జిగురు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసిన పాడైన మోడళ్లలో సగం పైన బోర్డు వల్ల పాడైనవి కాదు, జిగురు వల్ల పాడైనవే. ఫోమ్ బోర్డు మధ్యలో ఉండేది పాలిస్టైరీన్. ఫెవిక్విక్, రబ్బరు సొల్యూషన్ లాంటి ఘాటు వాసన వచ్చే జిగుర్లు, స్ప్రే పెయింట్, ఇవన్నీ దాన్ని కరిగించేస్తాయి. పైన కాగితం బాగానే ఉంటుంది, లోపల గుల్ల అవుతుంది. అతికించిన ఒక గంటకు అంచు లోపలికి కుంగి కనబడుతుంది. దానికి తెల్ల ఫెవికాలే వాడాలి. మౌంట్ బోర్డుకూ ఫెవికాలే, కానీ చాలా పల్చగా. సూది తీసేసిన సిరంజితోనో, అగర్బత్తి పుల్ల కొసతోనో సన్నటి గీతలా రాసి, నిమిషం ఆగి, అప్పుడు నొక్కు. పక్కలకు పొంగితే ఎక్కువ రాసినట్టు. ఫెవిక్విక్ మౌంట్ బోర్డు మీద పడితే లోపలికి ఇంకి మెరిసే మచ్చ అవుతుంది, అది ఇక పోదు. ఏ జిగురైనా, ఏ రంగైనా సరే, ముందు తుక్కు ముక్క మీద వేసి అరగంట ఆగి చూశాకే మోడల్ మీదికి వెళ్లు.

తేమ సంగతి నాకు అనుభవంలో తెలిసింది. పన్నెండేళ్ల కింద, జులైలో, ముసురు పట్టిన వారంలో ఒక ఫంక్షన్ హాల్ మోడల్ చేశాను. కప్పు రెండడుగుల పొడుగు, ఒకే మౌంట్ బోర్డు ముక్క. దాని పైవైపు రంగు కాగితం ఫెవికాల్‌తో అంటించి, బాగుందని చూసుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచేసరికి రెండు కొసలూ పడవలా పైకి లేచి ఉన్నాయి. కట్టించేవాళ్లు పది గంటలకు వస్తామన్నారు. తడిసిన కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుని బోర్డును తనవైపు లాక్కుంటుంది, జరిగింది అదే. ఆ రోజు వాళ్లకు కప్పు లేని మోడల్ చూపించాల్సి వచ్చింది. ఆ పెద్దాయన ముఖంలో నిరాశ నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి పైన ఏ కాగితం అంటిస్తే కింద కూడా అదే కాగితం, అదే జిగురు, అదే రోజు అంటిస్తాను. రెండు వైపులా సమంగా లాగితే బోర్డు చదునుగా ఉంటుంది. తర్వాత రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, రాత్రంతా వదిలేస్తాను. నువ్వు చేసేది కూడా వానలు పూర్తిగా పోని రోజుల్లోనే. కొన్న బోర్డుల్ని గోడకు ఆనించి నిలబెట్టకు, మంచం మీద చదునుగా పరిచి ఉంచు.

బోర్డుకు పోగు దిశ ఉంటుంది. ఒకవైపు వంచితే తేలిగ్గా వంగుతుంది, అడ్డంగా వంచితే మొరాయిస్తుంది. పొడుగాటి ముక్కలు, ముఖ్యంగా కప్పు, వంగని దిశ పొడవునా వచ్చేలా కొయ్యి. ఇది చిన్న సంగతే గానీ, వరండా కప్పు అంచు ఏడెనిమిది అంగుళాల పొడవున నిటారుగా నిలబడటం దీని మీదే ఆధారపడి ఉంది.

కోత గురించి ఒక్క మాట. మొద్దుబారిన బ్లేడుతో మంచి బోర్డు కూడా చెత్తలా తెగుతుంది, ఫోమ్ బోర్డయితే లోపల పీలికలు లేస్తాయి. కట్టర్ బ్లేడు కొసను పది, పదిహేను కోతలకోసారి విరిచేయి, పిసినారితనం చూపకు. స్టీలు స్కేలు వాడు, ప్లాస్టిక్ స్కేలు అంచు బ్లేడుకు తెగి నీ గీత వంకర పోతుంది. ఒకే దెబ్బకు కోయాలని నొక్కకు. మొదటిసారి గీత పడేలా, రెండోసారి సగం వరకు, మూడోసారి తెగేలా. కిటికీలన్నీ గోడ విడిగా ఉన్నప్పుడే కోసేయాలి. మూల దగ్గర రెండు గోడలు కలిసినప్పుడు ఒక గోడ పొడవులోంచి రెండో గోడ మందం తీసేయడం మర్చిపోకు. 2 మి.మీ. అని తీసిపారేస్తే నాలుగు మూలలు తిరిగేసరికి ప్లాన్ మీద గోడలు కూర్చోవు.

ఇప్పుడు గూన పెంకుల కప్పు. దయచేసి పెంకుల బొమ్మ ఉన్న స్టిక్కర్ అంటించకు, ఇటుకల స్టిక్కర్ కూడా వద్దు. ఎందుకో లెక్క చూడు. ఇటుక ఎత్తు సుమారు 75 మి.మీ., 1:100లో అది 0.75 మి.మీ. షాపులో దొరికే స్టిక్కర్ మీద ఇటుక 5 మి.మీ. ఎత్తుంటుంది. అంటే నీ గోడలో అర మీటరు ఎత్తున్న ఇటుకలు పేర్చినట్టు. దాని పక్కన 17 మి.మీ. ఎత్తున్న మనిషి బొమ్మ నిలబెడితే మూడున్నర ఇటుకల ఎత్తుంటాడు. భవనం మొత్తం బొమ్మరిల్లులా మారిపోతుంది. కప్పుకు సన్న గీతల కరుగేటెడ్ షీట్ (అలల్లా ముడతలున్న షీట్) వాడు. గీతకూ గీతకూ మధ్య ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ లేనిది వెతుకు. అది దొరక్కపోతే మౌంట్ బోర్డు మీద మొద్దు కొసతో, ఇంకు లేని బాల్ పెన్‌తో, 2 మి.మీ.కి ఒక గీత చొప్పున నొక్కి గీయి. దగ్గరగా చూస్తే గీతలు, దూరంగా చూస్తే పెంకుల వరసలు. రంగు అవసరం లేదు. ఎర్రగా కనబడాలని మరీ అనిపిస్తే కప్పు ఒక్కదానికే గోధుమ రంగు బోర్డు వాడు, మిగతాదంతా తెల్లగా వదిలేయి. మోడల్ మొత్తంలో మూడు రంగులకు మించొద్దు: నేలకు అట్ట, గోడలకు తెలుపు, స్తంభాలకు కర్ర.

స్తంభాలనగానే మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన నిర్మల్‌లో బొమ్మలు చెక్కేవాడు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆయన ముందు కూర్చుని గడిపాను. పొనికి కర్ర అంటారు, నిర్మల్ బొమ్మలన్నీ దాంతోనే చేస్తారు. చేతిలో పట్టుకుంటే కర్ర అని నమ్మలేనంత తేలిక. కత్తి పెడితే మెత్తగా తెగుతుంది, పోగు పెద్దగా కనబడదు. ముక్కల్ని అతకడానికి, సందులు పూడ్చడానికి చింతగింజల ముద్దలో సన్నటి రంపపు పొట్టు కలిపి రాసేవాడు. చేర్యాలలో మాస్కులు చేసేవాళ్లు వాడేది కూడా ఈ పొట్టు, చింతగింజల ముద్దే. నేను ఈ రోజుకీ గుండ్రటి ఆకారాలు, గోపురాలు, చుట్టుపక్కల భవనాల దిమ్మెలు చేయాల్సి వస్తే ముందు పొనికి తుక్కు ఉందేమో చూస్తాను. దక్షిణ అమెరికా నుంచి వచ్చే బాల్సా అనే తేలిక కర్ర కంటే నా చేతికి అదే బాగా వశమవుతుంది. అయితే పొనికి ఇప్పుడు అడవిలో తగ్గిపోయింది, బొమ్మలు చేసేవాళ్లకే దొరక్క ఇబ్బంది పడుతున్నారు. అందుకే కర్ర కొనమని నీకు చెప్పను. నిర్మల్ వైపు వెళ్లేవాళ్లుంటే, వాళ్ల పనిలో మిగిలిన చిన్న తుక్కు ముక్కలు అడిగి, డబ్బులిచ్చి తెప్పించుకో. నీ మోడల్‌లో చుట్టూ ఉన్న ఇళ్లు నాలుగైదు చూపించాలంటే అవి చాలు.

వరండా స్తంభాలకు మాత్రం నిలువు పుల్లలు కావాలి. 230 మి.మీ. చదరపు స్తంభం మోడల్‌లో 2.3 మి.మీ. బాల్సా చదరపు పుల్ల 2 లేదా 2.5 మి.మీ. దొరికితే తీసుకో. నీ స్తంభాలు గుండ్రటి కర్రవైతే టూత్‌పిక్ దాదాపు 2 మి.మీ. ఉంటుంది, అంటే ఎనిమిది అంగుళాల స్తంభం, నేరుగా వాడొచ్చు. అగర్బత్తి పుల్లలు ఇంకా సన్నం, కప్పు కింద వాసాలకు బాగుంటాయి. అన్ని స్తంభాలూ ఒకే ఎత్తున కోయడానికి ఒక బోర్డు ముక్కకు అడ్డపట్టీ అంటించి, పుల్లను దానికి ఆనించి కొయ్యి. నీ వరండా దిగుతోంది కదా, కాబట్టి ఒక్కో మెట్టుకు స్తంభం ఎత్తు మారుతుంది. ఎత్తులు పట్టిక రాసుకుని, వరసల వారీగా కోసి, ప్రతి వరసా వేరే కవర్లో వేసుకో.

గాజుకు ఓహెచ్‌పీ షీట్ (అవతలివైపు కనబడే సన్నటి ప్లాస్టిక్ షీట్) చాలు. గాజు లేకుండా ఖాళీగా వదిలినా నష్టం లేదు, ఈ స్కేల్లో నేను చాలాసార్లు ఖాళీగానే వదులుతాను. చెరువు అంచుకు నీలం మెరుపు కాగితం వద్దు. ముదురు బూడిద రంగు కాగితం మీద అదే ఓహెచ్‌పీ షీట్ పరిస్తే వెలుగు పడినప్పుడు నీరులా ఉంటుంది.

చెట్లకు ఇది నీకు దొరికిన మంచి కాలం. ఇంట్లో బతుకమ్మకు గునుగు పూలు తెచ్చి ఉంటారు. రంగు అద్దకముందే ఓ గుప్పెడు అడిగి తీసుకుని, నీడలో తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టు. గునుగు ఆరినా ఆకారం పోదు, తెల్లటి వెండి రంగులో ఉండిపోతుంది. రెండంగుళాల కంకి 1:100లో అయిదు మీటర్ల చెట్టు. నీ అట్ట నేల మీద, తెల్ల గోడల పక్కన, షాపులో అమ్మే పచ్చటి స్పాంజి చెట్ల కంటే వెయ్యి రెట్లు బాగుంటుంది. కట్ట మీద వరసగా గుచ్చు, భవనం ముందు అడ్డంగా పెట్టకు.

బరువు గురించి ఆలోచిస్తే నాకు ఎప్పుడూ రామప్ప గుడే గుర్తొస్తుంది. ఈ సెలవుల్లో వీలైతే పాలంపేట వెళ్లి మళ్లీ చూడు, టూరిస్టులా కాకుండా మెటీరియల్ చూడటానికి వెళ్లు. 1213లో పని మొదలైన ఆ గుడి ఇసుకరాయితో కట్టింది. బరువు మోసే, సన్నగా చెక్కాల్సిన స్తంభాలు, దూలాల దగ్గర గట్టి గ్రానైట్, డోలరైట్ రాళ్లు వాడారు. పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన, సన్న రంధ్రాలున్న ఇటుకలు వాడారు, కప్పు మీద భారం తగ్గాలని. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ తేలిక ఇటుకల సంగతి కూడా ప్రత్యేకంగా చెప్పింది. ఒకే గుడిలో చోటుకు తగ్గ రాయి, చోటుకు తగ్గ ఇటుక. నీ మోడల్ కూడా అంతే: కింద గట్టిగా, పైన తేలిగ్గా. కప్పును అంటించకుండా ఎత్తగలిగేలా చేయి. లోపల నాలుగు చిన్న దిమ్మెలు పెడితే కప్పు వాటి మధ్య జరగకుండా కూర్చుంటుంది. జ్యూరీలో కప్పు ఎత్తి లోపలి హాలు చూపించొచ్చు, రైల్లో విడిగా చుట్టి పెట్టుకోవచ్చు.

అడుగు పీట సంగతి. నీ స్థలం 40 సెంటీమీటర్లకు 50, చుట్టూ అంచు కలిపితే 45కు 55. దానికి 12 మి.మీ. ఎండీఎఫ్ వేస్తే పీటే రెండు కిలోల పైన ఉంటుంది. వద్దు. 6 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని, కింద చుట్టూతా అంగుళం కర్ర పట్టీ కొట్టించు. వంగదు, చేతికి పట్టు దొరుకుతుంది, బరువు తగ్గుతుంది. వడ్రంగి దగ్గర తుక్కులో అడిగితే ఆ సైజు ముక్క దొరికే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు కొనే వరస. ముందు బ్లేడ్లు, స్టీలు స్కేలు లేకపోతే అది, చిన్న ఫెవికాల్ డబ్బా. తర్వాత గోడలన్నిటినీ పాత న్యూస్‌పేపర్ మీద అసలు సైజులో గీసి, కోసి, నేల మీద ఒక షీట్ సైజులో పేర్చి చూడు. అప్పుడు ఎన్ని మౌంట్ బోర్డులు కావాలో తెలుస్తుంది, దానికి ఒకటి ఎక్కువ తీసుకో. ఆ ఒక్కటి తప్పకుండా ఖర్చవుతుంది. నేలకు అట్టపెట్టె కుదిరితే ఫోమ్ బోర్డు డబ్బులు మిగిలినట్టే. అయిదో రోజు రాత్రికి నేల, మెట్లు పూర్తవ్వాలి. అవి కాకుండా గోడలు మొదలుపెట్టకు, ఎందుకంటే గోడల అడుగు ఎత్తులన్నీ ఆ మెట్ల మీదే ఆధారపడతాయి. చివరి రోజు ఏమీ అంటించకు, ఆరడానికి వదిలేయి. తడి జిగురు మీద ప్లాస్టిక్ కవర్ చుడితే ఆ తేమంతా లోపలే తిరిగి గోడలు వంకరపోతాయి.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాదాపు 130 కిలోమీటర్లు, రెండు గంటల పైన పడుతుంది. సాయంత్రం రద్దీ బండి కాకుండా పొద్దుటి బండి చూసుకో. మోడల్‌ను పీట కంటే కొంచెం పెద్ద అట్టపెట్టెలో దించి, పీట నాలుగు మూలలకే థర్మాకోల్ ముక్కలు ఇరికించు, భవనానికి ఏదీ తగలకూడదు. ఒక చిన్న డబ్బాలో ఫెవికాల్, కట్టర్, ప్రతి ఎత్తులోనూ రెండేసి విడి స్తంభాలు, నాలుగు గునుగు కంకులు పెట్టుకో. దిగాక పెట్టె తెరిచి ముందు వరండా కింది మెట్టు దగ్గరి స్తంభాలు చూడు. అవే అన్నిటికంటే పొడుగు, ఏదైనా ఊడితే అక్కడే ఊడుతుంది.